ఉదర శస్త్రచికిత్స, అత్యవసర ట్రామా పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపు ఆపరేషన్లు, ప్రమాదాల్లో గాయపడినవారి అత్యవసర చికిత్స అనే రెండు రంగాల్లో తొలిసారి పరిశోధన తలపెట్టే పీజీ వైద్యులు, యువ సర్జన్లు, పరిశోధన నర్సులు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. అధ్యయనం సాగే క్రమాన్నిబట్టి వాటిని విభజించాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఈ రంగంలో ఎక్కువ తప్పులు గణాంకాల దగ్గర జరగవని, రోగి ఆసుపత్రిలో అడుగుపెట్టిన తొలి గంటలో ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, గడియారాన్ని ఎప్పటి నుంచి మొదలుపెట్టారు అన్న దగ్గరే జరుగుతాయని మా అభిప్రాయం. జవాబుల్లో ఆ మొగ్గు కనిపిస్తుంది.

## అధ్యయనానికి రూపమిచ్చే దశ

మా వార్డులో ఏళ్ల తరబడి పోగైన కేసు షీట్లు ఉన్నాయి. వాటితోనే పరిశోధన పూర్తి చేయలేమా?

చేయవచ్చు. ఒక సమస్య ఎంత తరచుగా వస్తోంది, ఏ గాయంలో ఏ ఇబ్బందులు ఎదురవుతున్నాయి వంటి ప్రశ్నలకు పాత రికార్డులు చక్కగా ఉపయోగపడతాయి. అయితే "ఈ చికిత్స వల్ల ప్రాణాలు నిలిచాయా" అన్న ప్రశ్నకు వాటి నుంచి జవాబు రాబట్టబోతే, ముఖ్యంగా ట్రామాలో, దారి తప్పే అవకాశం ఎక్కువ. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ రక్తమార్పిడి నిష్పత్తి. యుద్ధక్షేత్ర ఆసుపత్రిలో భారీగా రక్తం ఎక్కించిన 246 మంది రికార్డులతో 2007లో వెలువడిన అధ్యయనంలో, ఎర్ర రక్తకణాలతో పోలిస్తే ప్లాస్మా బాగా తక్కువగా అందినవారిలో 65 శాతం, మధ్యస్థంగా అందినవారిలో 34 శాతం, ఎక్కువగా అందినవారిలో 19 శాతం మంది చనిపోయారు. ఈ అంకెలు చూడగానే ప్రాణం నిలిపింది ప్లాస్మాయేనని అనిపిస్తుంది. కానీ గడ్డకట్టించి నిల్వ చేసిన ప్లాస్మాను కరిగించి తేవడానికి సమయం పడుతుంది, ఎర్ర రక్తకణాల సంచులు దానికంటే ముందే వస్తాయి. తొలి గంటలోనే కన్నుమూసిన రోగికి ప్లాస్మా అందే అవకాశమే ఉండదు. ప్లాస్మా తక్కువైనందువల్ల ఆ రోగి చనిపోయాడా, త్వరగా చనిపోయినందువల్ల ప్లాస్మా తక్కువైందా అన్నది అతని కేసు షీటు చెప్పలేదు. బతికి ఉండటమే చికిత్స పొందడానికి అర్హతగా మారే ఈ లోపాన్ని సర్వైవర్ బయాస్ అంటారు. మీ రికార్డుల్లో ప్రతి చికిత్సకూ గంట, నిమిషం నమోదై ఉంటే దీన్ని కొంతవరకు సరిదిద్దవచ్చు. తేదీ మాత్రమే ఉంటే ఆ ప్రశ్నను వదిలి, ఆ రికార్డులు జవాబివ్వగల మరో ప్రశ్నను ఎంచుకోవడం మేలు.

"ఈ రెండింటిలో ఏది మంచిది" అని అడిగితే సరిపోదా?

సరిపోదు. ఎలాంటి రోగులకు, దేనితో పోల్చి, ఏ ఫలితం విషయంలో, ఎంత కాలానికి మంచిది అన్నవి అదే వాక్యంలో ఉండాలి. "అపెండిసైటిస్‌కు యాంటీబయాటిక్సా, ఆపరేషనా" అన్నది చర్చకు పనికివస్తుంది గానీ పరిశోధనకు పనికిరాదు. "సి.టి. స్కాన్‌లో చిల్లు పడలేదని నిర్ధారణ అయిన వయోజనుల్లో, యాంటీబయాటిక్స్‌తో మొదలుపెట్టిన చికిత్స తరువాత ఏడాదిలోపు ఎంతమందికి ఆపరేషన్ అవసరమవుతుంది" అన్నది పరిశోధన ప్రశ్న. ట్రామాలో దీనికి మరొకటి తోడవుతుంది: సమయాన్ని గాయం తగిలిన క్షణం నుంచి లెక్కిస్తున్నారా, ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి లెక్కిస్తున్నారా అన్నది ప్రోటోకాల్ (అధ్యయన ప్రణాళిక పత్రం) మొదటి పేజీలోనే రాయాలి.

ఒక పద్ధతే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంటే, రోగులను చీటీ వేసినట్టు రెండు గ్రూపులుగా పంచడం నైతికమేనా?

మీ ఒక్కరి నమ్మకం ఇక్కడ కొలమానం కాదు. ఆ విషయంలో నిపుణుల మధ్య నిజమైన భిన్నాభిప్రాయం ఉందా, ఇప్పటివరకు ఉన్న ఆధారాలు దాన్ని తేల్చగలిగాయా అన్నదే ప్రశ్న. తేల్చలేదంటే ట్రయల్ నైతికమే. నిజానికి పరీక్షించకుండా అలవాటు కొద్దీ ఒకే పద్ధతిని అందరికీ వాడుతూ పోవడానికే ఎక్కువ సంజాయిషీ కావాలి. ఛాతీకీ, కడుపుకీ కత్తిపోట్లు, తూటా గాయాలు తగిలి రక్తపోటు పడిపోయిన వారికి వెంటనే సెలైన్ ఎక్కించాలన్నది ఒకప్పుడు ప్రశ్నించనవసరం లేని నియమం. హ్యూస్టన్‌లో 598 మందిపై జరిపి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ గదికి చేరేదాకా ద్రవాలను ఆపి ఉంచినవారిలో 70 శాతం, వెంటనే ఎక్కించినవారిలో 62 శాతం బతికారు. రక్తం కారుతున్న చోటును మూయకముందే ద్రవాలతో రక్తపోటును పెంచితే అప్పుడే ఏర్పడుతున్న గడ్డ చెదిరిపోతుందని, రక్తం పలుచబడి గడ్డకట్టే గుణం తగ్గుతుందని ఇచ్చిన వివరణ తరువాతి కాలపు ట్రామా చికిత్సనే మలుపు తిప్పింది. ఈ ఫలితం ఆ తరహా గాయాలకే పరిమితమన్న సంగతిని మరవకూడదు. తలకు గాయమైనప్పుడు రక్తపోటు పడిపోవడమే మెదడుకు హాని చేస్తుంది కాబట్టి అక్కడ ఇదే లెక్క వర్తించదు.

ఎంతమంది రోగులు కావాలి? వంద మందితో సరిపెట్టుకోవచ్చా?

(ఈ ప్రశ్న అడిగేవారు చాలావరకు థీసిస్ గడువు దగ్గరపడ్డాకే అడుగుతారు.) సంఖ్యను నిర్ణయించేది మీకున్న సమయం కాదు, మీరు పట్టుకోదలచిన తేడా పరిమాణం. ఆపరేషన్ గాయానికి చీము పట్టడం 20 శాతం నుంచి 15 శాతానికి తగ్గిందని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకోగలిగే అవకాశంతో) చూపాలంటే ఒక్కో గ్రూపుకు దాదాపు 900 మంది కావాలి. మధ్యలో తప్పిపోయేవారిని కలుపుకుంటే వెయ్యి దాటుతుంది. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయని చూపాలంటే ఒక్కో గ్రూపుకు సుమారు 9,000 మంది. గాయపడినవారికి ట్రాన్సెక్సమిక్ యాసిడ్ (రక్తపు గడ్డ కరిగిపోకుండా చూసే మందు) ఇచ్చి చూసిన క్రాష్-2 ట్రయల్‌లో 40 దేశాల నుంచి 20,211 మందిని చేర్చవలసి వచ్చింది ఇందుకే. వంద మంది మాత్రమే దొరికేచోట మరణాలను ప్రధాన ఫలితంగా పెట్టుకోవద్దు. రోగులను చేర్చుకోవడం ఆచరణలో సాధ్యమేనా, ఎంతమంది ఒప్పుకుంటున్నారు, ఎంతమంది 30వ రోజుకు దొరుకుతున్నారు అన్నవాటిని తేల్చే చిన్న సన్నాహక అధ్యయనంగా దాన్ని నిజాయితీగా చెప్పుకోవచ్చు.

ట్రయల్ రిజిస్ట్రేషన్ రోగులను చేర్చుకోవడం మొదలయ్యాక చేస్తే నష్టమేమిటి?

మొదటి రోగిని చేర్చుకోకముందే చేయాలి. ప్రధాన వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2005 నుంచి దీన్ని ప్రచురణకు షరతుగా పెట్టింది. ప్రధాన ఫలితం ఏమిటో ముందే బహిరంగంగా రాసిపెట్టకపోతే, డేటా చూశాక బాగా కనిపించినదాన్నే ప్రధాన ఫలితమని ప్రకటించుకునే వీలుంటుంది. ఆ అనుమానం ఒకసారి వచ్చాక ఎంత మంచి అధ్యయనమైనా తేలికైపోతుంది.

## సమ్మతి దశ

స్పృహలో లేని గాయపడిన వ్యక్తిని ట్రయల్‌లో చేర్చుకోవచ్చా?

కొన్ని షరతులతో చేర్చుకోవచ్చు. 1964లో వెలువడి, తరువాత పలుమార్లు సవరించిన హెల్సింకి ప్రకటన (మనుషులపై వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం రాసిన నైతిక సూత్రాలు) దీనికి దారి చూపుతుంది: సమ్మతి ఇవ్వలేని స్థితే ఆ పరిశోధన అవసరమైన రోగుల లక్షణమై ఉండాలి, చట్టబద్ధ ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి అనుమతి తీసుకోవాలి, ప్రతినిధి లేక, పరిశోధనను ఆలస్యం చేయడానికి వీల్లేకపోతే ఎథిక్స్ కమిటీ ముందే ఆమోదించిన విధానం ప్రకారం చేర్చుకుని, వీలైనంత త్వరగా రోగి నుంచో ప్రతినిధి నుంచో సమ్మతి పొందాలి. ఐరోపా సమాఖ్య 2014 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఇలాంటి వాయిదా సమ్మతికి చోటుంది. అమెరికాలో 1996 నుంచి ఉన్న నియమం ప్రకారం, ట్రయల్ జరగబోయే ప్రాంతపు ప్రజలతో ముందుగా సంప్రదింపులు జరిపి, వివరాలను బహిరంగంగా ప్రకటించాకే ముందస్తు సమ్మతి నుంచి మినహాయింపు దొరుకుతుంది. మీ దేశ చట్టం ఏ మార్గాన్ని అనుమతిస్తుందో ప్రోటోకాల్ రాయకముందే తెలుసుకోండి. ఎందుకంటే వాయిదా సమ్మతికి అనుమతి లేనిచోట అత్యంత తీవ్రంగా గాయపడినవారు అధ్యయనంలోకి రానే రారు, అప్పుడు మీ ఫలితం ఓ మోస్తరు గాయాలకే వర్తిస్తుంది.

తరువాత రోగికి స్పృహ వచ్చి "నాకు ఇష్టం లేదు" అంటే ఏం చేయాలి? ఈలోగా రోగి చనిపోతే?

రోగి వద్దంటే ఆ క్షణం నుంచి ట్రయల్ చికిత్సను, అదనపు పరీక్షలను ఆపాలి. దానివల్ల మామూలు చికిత్సలో ఏ లోటూ రాకూడదు. అప్పటివరకు సేకరించిన సమాచారాన్ని వాడుకోవడానికైనా అంగీకరిస్తారా అన్నది విడిగా అడగాలి, ఈ రెండు ప్రశ్నలను కలిపేయకూడదు. మరణించినవారి విషయం మరింత సున్నితం. సమ్మతి పొందే అవకాశం రాకముందే చనిపోయినవారందరినీ లెక్కలోంచి తీసేస్తే, ఏ ఫలితాన్ని కొలవడానికి ట్రయల్ మొదలుపెట్టామో ఆ ఫలితమే చెదిరిపోతుంది. ఈ పరిస్థితిలో సమాచారాన్ని ఎలా వాడాలో, కుటుంబానికి ఎవరు, ఎప్పుడు, ఎలా తెలియజేయాలో ఎథిక్స్ కమిటీతో ముందే తేల్చుకుని రాతపూర్వకంగా ఉంచుకోవాలి. దుఃఖంలో ఉన్నవారి ముందు మొదటిరోజే కాగితాలు పెట్టడం మాత్రం సరికాదు.

కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న రోగి పెట్టిన సంతకం నిజమైన సమ్మతేనా?

నొప్పి ఉన్నంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి పోదు, కానీ వినే ఓపిక తగ్గుతుంది. ముందు నొప్పి తగ్గించండి. నొప్పి మందు ఇస్తే రోగ నిర్ధారణ తప్పుతుందన్న పాత భయానికి ట్రయల్స్‌లో మద్దతు దొరకలేదు. ఆ తరువాత పది పేజీల పత్రాన్ని చదివి వినిపించే బదులు ముఖ్య విషయాలను మాటల్లో చెప్పి, రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలుగుతున్నారో లేదో చూడండి. చాలామంది "డాక్టరుగారు నాకు ఏది మంచిదో అదే ఎంచుతారు" అనుకుంటూ సంతకం పెడతారు. ఏ గ్రూపులో పడతారో డాక్టరు ఎంచరని, కంప్యూటర్ నిర్ణయిస్తుందని అర్థమైతేనే అది సమ్మతి అవుతుంది.

## రోగులను చేర్చుకునే, చికిత్స జరిగే దశ

రాత్రిళ్లు, సెలవు రోజుల్లో పరిశోధన సిబ్బంది ఉండరు. పగటి రోగులతోనే నడిపించవచ్చా?

నడిపించవచ్చు గానీ, ఆ నిర్ణయం ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో చాలామంది ఊహించరు. రాత్రి వచ్చే గాయాల తీరు వేరు, అప్పుడు అందుబాటులో ఉండే సర్జన్ అనుభవం వేరు, స్కానింగ్‌కూ రక్తానికీ పట్టే సమయం వేరు. పగటి రోగులపై వచ్చిన జవాబును రాత్రి రోగులకు వర్తింపజేయడానికి ఆధారం ఉండదు. పరిశోధన సిబ్బంది మీద ఆధారపడకుండా, డ్యూటీలో ఉన్న వైద్యుడే నిమిషంలో చేర్చుకోగలిగేంత సరళంగా ప్రక్రియను తీర్చిదిద్దడం ఉత్తమం. అర్హతా నిబంధనలు నాలుగైదు వాక్యాలకు మించకూడదు, మందు పెట్టెలు ముందే వరుస సంఖ్యలతో సిద్ధంగా ఉండాలి. అదీ కుదరకపోతే, అర్హులై ఉండీ చేర్చుకోలేకపోయిన ప్రతి రోగినీ వచ్చిన సమయం, చేర్చుకోకపోవడానికి కారణం సహా ఒక రిజిస్టరులో రాయండి. విసుగు పుట్టించే పనే అయినా, వ్యాసం చదివేవారికి ఆ రిజిస్టరే అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

బేసి తేదీన వచ్చినవారికి ఒక చికిత్స, సరి తేదీన వచ్చినవారికి మరొకటి ఇస్తే రాండమైజేషన్ (రోగులను చీటీ వేసినట్టు గ్రూపులుగా పంచడం) కాదా?

కాదు. తరువాతి రోగి ఏ గ్రూపులోకి వెళ్తాడో ముందే తెలిసిపోతే, అతన్ని చేర్చుకోవాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆ సమాచారం ప్రభావం చూపుతుంది. పరిస్థితి బాగా విషమించిన రోగిని "ఈరోజు వద్దులే" అని పక్కన పెట్టడానికి దురుద్దేశం అక్కర్లేదు, జాలి చాలు. అత్యవసర విభాగంలో ఫోన్ లేదా వెబ్ ద్వారా కేటాయింపు, అది కుదరకపోతే బయటికి ఒకేలా కనిపించే వరుస సంఖ్యల మందు పెట్టెలు వాడాలి. సీలు వేసిన కవర్లు ఆఖరి మార్గం. వాటిని ముందుగా తెరిచి చూసిన సందర్భాలు ట్రయల్స్ చరిత్రలో లేకపోలేదు.

ఆపరేషన్ చేసే సర్జన్‌కు తను ఏం చేస్తున్నాడో తెలుస్తుంది కదా, బ్లైండింగ్ (ఎవరికి ఏ చికిత్సో తెలియకుండా ఉంచడం) ఎలా?

సర్జన్‌కు దాచలేం, కానీ ఫలితాన్ని కొలిచేవారికి దాచవచ్చు. 30వ రోజున గాయాన్ని పరీక్షించే నర్సుకో, స్కాన్ చదివే రేడియాలజిస్టుకో రోగి ఏ గ్రూపులో ఉన్నారో తెలియనక్కర్లేదు. రెండు గ్రూపులకూ ఒకే రకమైన డ్రెస్సింగ్ వేస్తే రోగికి కూడా తెలియకుండా ఉంచవచ్చు. అది కూడా సాధ్యం కానప్పుడు మరణం, తిరిగి ఆపరేషన్ చేయవలసి రావడం వంటి, ఎవరు చూసినా ఒకేలా కనిపించే ఫలితాన్ని ఎంచుకోవాలి. ఇందులోనూ ఓ చిక్కుంది: తిరిగి ఆపరేషన్ చేయాలన్నది కూడా ఒక సర్జన్ నిర్ణయమే.

కొత్త పరికరం, కొత్త టెక్నిక్ విషయంలో సర్జన్ చేయి తిరగకముందే ట్రయల్ పెడితే అన్యాయం కాదా?

అన్యాయమే. అయితే చేయి తిరిగేదాకా ఆగితే ఆలోగా ఆ పద్ధతి ఆధారం లేకుండానే వాడుకలోకి వచ్చేస్తుంది. శస్త్రచికిత్సా నూతన పద్ధతులు ఏ దశలో ఎలా పరీక్షించాలో చెప్పే ఐడియల్ అనే చట్రం 2009లో వచ్చింది ఈ చిక్కును పరిష్కరించడానికే. మహాధమనిలోకి బెలూన్ పంపి కడుపులోని రక్తస్రావాన్ని తాత్కాలికంగా అడ్డుకునే రెబోవా పద్ధతి ఆలోచించదగిన ఉదాహరణ. చూడటానికి తర్కం నిర్దుష్టంగా ఉంది. అయినా బ్రిటన్‌లో 90 మందిపై జరిగి 2023లో ప్రచురితమైన ట్రయల్‌లో, రెబోవా గ్రూపులో 90 రోజుల్లోపు 54 శాతం, మామూలు చికిత్స గ్రూపులో 42 శాతం చనిపోయారు. హాని జరిగే సూచన కనిపించడంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. బెలూన్ అమర్చడానికి వెచ్చించిన నిమిషాలు అసలు రక్తస్రావాన్ని ఆపే ప్రక్రియను వెనక్కి నెట్టాయి. పద్ధతి చెడ్డదా, ఆ ఆసుపత్రుల్లో దాన్ని వాడే అవకాశం అరుదుగా వచ్చి నైపుణ్యం పెరగలేదా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. మా దృష్టిలో రోగికి ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు. వాస్తవ పరిస్థితుల్లో ఆ పద్ధతి ఎలా పనిచేసిందో ట్రయల్ చెప్పింది.

అపెండిసైటిస్ ట్రయల్‌లో యాంటీబయాటిక్స్ గ్రూపులోని రోగికి చివరికి ఆపరేషన్ జరిగితే, అతన్ని ఆపరేషన్ గ్రూపులోకి మార్చాలా?

మార్చకూడదు. కేటాయించిన గ్రూపులోనే లెక్కించాలి. ఆపరేషన్ అవసరమైనవారు మామూలుగా జబ్బు ముదిరినవారై ఉంటారు. వారిని అవతలి గ్రూపులోకి నెట్టేస్తే యాంటీబయాటిక్స్ గ్రూపులో తేలికపాటి కేసులే మిగిలి, మందు అద్భుతంగా కనిపిస్తుంది. రోగికి మీరు చెప్పవలసినది కూడా ఇదే రూపంలో ఉంటుంది: "యాంటీబయాటిక్స్‌తో మొదలుపెడితే ఏమవుతుంది" అని. నాన్-ఇన్ఫీరియారిటీ ట్రయల్స్‌లో (ఒక చికిత్స మరోదానికంటే ముందే పెట్టుకున్న హద్దుకు మించి తీసిపోదని చూపేవాటిలో) మాత్రం, అవతలి చికిత్స వైపు మారినవారు ఎక్కువైతే రెండు గ్రూపులు ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. కనుక కేటాయించిన చికిత్స పూర్తిగా అందినవారి విశ్లేషణను కూడా పక్కనే చూపించాలి.

ఒకే థియేటర్‌లో ఒక రోగికి పాత పద్ధతి, మరొకరికి కొత్త పద్ధతి అంటే సిబ్బంది గందరగోళపడుతున్నారు. మార్గం ఉందా?

రోగులను కాక ఆసుపత్రులనే గ్రూపులుగా కేటాయించవచ్చు. కడుపు ఆపరేషన్‌లో కోతను మూసేముందు చేతి తొడుగులు, పరికరాలు మార్చితే గాయానికి చీము పట్టడం తగ్గుతుందా అని పరీక్షించిన చీతా ట్రయల్ అలాగే జరిగింది. ఏడు దేశాల్లోని 81 ఆసుపత్రుల్లో 13,301 మందిని చేర్చిన ఈ అధ్యయనం 2022లో వెలువడింది. మార్చని ఆసుపత్రుల్లో 18.9 శాతం, మార్చిన ఆసుపత్రుల్లో 16.0 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఇలాంటి అధ్యయనంలో ఒకే ఆసుపత్రి రోగుల మధ్య పోలిక ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవసరమైన రోగుల సంఖ్య బాగా పెరుగుతుంది, ఈ మాట గణాంక నిపుణుడితో ముందే మాట్లాడుకోవాలి.

## ఫలితాలను కొలిచే దశ

ట్రామా ట్రయల్‌లో 30 రోజుల మరణాలనే ప్రధాన ఫలితంగా పెట్టాలా?

రక్తస్రావాన్ని ఆపే చికిత్సను పరీక్షిస్తుంటే అక్కర్లేదు. రక్తం పోయి చనిపోయేవారు తొలి గంటల్లోనే చనిపోతారు. తరువాతి రోజుల్లో మరణాలకు మెదడు గాయం, ఇన్‌ఫెక్షన్, అవయవాల వైఫల్యం కారణమవుతాయి, వాటిపై మీ చికిత్స ప్రభావం తక్కువ. అన్నిటినీ కలిపి 30వ రోజున లెక్కిస్తే అసలు ప్రయోజనం ఆ కలగాపులగంలో మునిగిపోతుంది. అందుకే తొలి గంటల మరణాలను, రక్తస్రావం వల్ల కలిగిన మరణాలను ప్రధానంగా పెట్టి, 30 రోజుల మరణాలను భద్రత కోసం తప్పక నివేదించే పద్ధతి నేడు మెరుగైనదిగా భావిస్తున్నారు. అలాగని మరణ కారణాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది వదిలేయకూడదు. గ్రూపు తెలియని నిపుణుల కమిటీ ఆ పని చేయాలి.

గాయాల తీవ్రతను ఏ స్కోరుతో చూపాలి?

1974 నుంచి వాడుకలో ఉన్న ఇంజరీ సివియారిటీ స్కోరును దాదాపు అందరూ నివేదిస్తారు. శరీరాన్ని ఆరు భాగాలుగా తీసుకుని, ఎక్కువగా గాయపడిన మూడు భాగాల్లో ఒక్కోదాని అతి తీవ్రమైన గాయపు గ్రేడును వర్గం చేసి కూడుతారు. కడుపులో 4, ఛాతీలో 3, కాలిలో 2 ఉంటే 16, 9, 4 కలిపి 29 అవుతుంది. గరిష్ఠం 75, 15 దాటితే తీవ్ర గాయంగా పరిగణించడం ఆనవాయితీ. కడుపు సర్జన్లు గమనించవలసిన లోపం ఒకటుంది: కాలేయం, ప్లీహం రెండూ చితికినా ఒకే భాగం కాబట్టి ఒక్క గాయమే లెక్కలోకి వస్తుంది. ఏ భాగమన్నది చూడకుండా అతి తీవ్రమైన మూడు గాయాలను తీసుకునే కొత్త స్కోరు 1997లో వచ్చింది ఈ లోటు తీర్చడానికే. రెండూ అవయవాల గాయాలనే చూస్తాయి గానీ రక్తపోటునూ స్పృహనూ చూడవు. వాటిని విడిగా ఇవ్వాలి.

ఆపరేషన్ తరువాతి ఇబ్బందులను "చిన్నవి, పెద్దవి" అని రాస్తే చాలదా?

చాలదు, ఒకరికి చిన్నది మరొకరికి పెద్దది. 2004 నాటి క్లావియెన్-డిండో వర్గీకరణ ఆ ఇబ్బందిని సరిదిద్దడానికి ఏం చేయవలసి వచ్చిందన్నదాన్నిబట్టి గ్రేడు ఇస్తుంది. మళ్లీ ఆపరేషనో, ఎండోస్కోపీయో, ట్యూబు వేయడమో అవసరమైతే మూడో గ్రేడు, ప్రాణాపాయమై ఐ.సి.యు.కు వెళ్తే నాలుగు, మరణం అయిదు.

డిశ్చార్జి అయ్యాక రోగులు తిరిగి రావడం లేదు. వచ్చినవారితోనే లెక్క కట్టవచ్చా?

అలా కడితే ఫలితం ఎటు ఒరిగిందో చెప్పలేం. గాయం మానినవారు రావడానికి బద్ధకిస్తారు, చీము పట్టినవారు వస్తారు. కొన్నిచోట్ల ఇందుకు విరుద్ధంగా, ఇబ్బంది పడినవారే మరో ఆసుపత్రికి వెళ్లిపోతారు. ఆపరేషన్ గాయపు ఇన్‌ఫెక్షన్‌కు 30 రోజుల పరిశీలన ప్రామాణికం. చాలా ఇన్‌ఫెక్షన్లు డిశ్చార్జి తరువాతే బయటపడతాయి కాబట్టి ముందే పరీక్షించి చూసిన ప్రశ్నావళితో ఫోన్‌లో మాట్లాడటం, ఫొటో పంపించుకోవడం ఆచరణలో బాగా పనిచేస్తాయి. కోత దగ్గర హెర్నియా అయితే నెల సరిపోదు. కడుపు గోడను మూసేటప్పుడు అంచు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో దగ్గర దగ్గరగా చిన్న కుట్లు వేయడాన్ని, సెంటీమీటరు దూరపు పెద్ద కుట్లతో పోల్చిన స్టిచ్ ట్రయల్, 560 మందిని ఏడాదిపాటు గమనించాకే తేడాను (చిన్న కుట్లలో 13 శాతం, పెద్ద కుట్లలో 21 శాతం మందికి హెర్నియా) చూపగలిగింది. మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు, రోగి అనుమతితో ఒక బంధువు నంబరు రాసుకోవడం మరచిపోవద్దు.

## ఫలితాలను చదివే, రాసే దశ

పి విలువ (నిజంగా తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 దాటితే చికిత్స పనిచేయలేదని రాయాలా?

రాయకూడదు, తేడా లేదని రుజువు కావడం వేరు, తేడాను రుజువు చేయలేకపోవడం వేరు. భారీ రక్తస్రావంతో వచ్చిన 680 మందికి ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్ర రక్తకణాలను 1:1:1 నిష్పత్తిలో ఇవ్వడాన్ని 1:1:2తో పోల్చిన ప్రాపర్ ట్రయల్ 2015లో వచ్చింది. 24 గంటల మరణాలు 1:1:1 గ్రూపులో 12.7 శాతం, 1:1:2 గ్రూపులో 17.0 శాతం; పి విలువ 0.12. కాగితం మీద తేడా లేదు. కానీ తేడాకు విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల పరిధి) 9.6 శాతం తగ్గుదల నుంచి 1.1 శాతం పెరుగుదల దాకా ఉంది. అంటే గణనీయమైన ప్రయోజనం ఉండే అవకాశాన్ని ఈ ట్రయల్ కొట్టిపారేయలేదు. పైగా తొలి 24 గంటల్లో రక్తం పోయి చనిపోయినవారు అదే వరుసలో 9.2 శాతం, 14.6 శాతంగా తేలారు. ఎన్నో ట్రామా కేంద్రాలు 1:1:1కు దగ్గరగా నడవడానికి ఈ మొత్తం చిత్రమే కారణం. విశ్వాస అంతరం ఇవ్వకుండా పి విలువ ఒక్కటే ఇచ్చిన వ్యాసాన్ని మేమైతే అనుమానంగానే చదువుతాం.

ఒక రక్తస్రావంలో పనిచేసిన మందు మరో రక్తస్రావంలోనూ పనిచేస్తుందని అనుకోవచ్చా?

అనుకోకూడదు. ట్రాన్సెక్సమిక్ యాసిడ్ గాయపడినవారిలో మొత్తం మరణాలను 16.0 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గించినట్టు 2010లో క్రాష్-2 చూపింది. మరుసటి ఏడాది ఆ డేటాను సమయాన్నిబట్టి విశ్లేషిస్తే, గాయమైన గంటలోపు ఇచ్చినప్పుడు రక్తస్రావ మరణాలు 7.7 నుంచి 5.3 శాతానికి తగ్గాయి, మూడు గంటలు దాటాక ఇచ్చినప్పుడు 3.1 నుంచి 4.4 శాతానికి పెరిగాయి. అదే మందును జీర్ణాశయ, పేగుల రక్తస్రావంతో వచ్చిన 12,009 మందికి 24 గంటలపాటు ఇచ్చి చూసిన హాల్ట్-ఐటి ట్రయల్ 2020లో వెలువడింది. రక్తస్రావ మరణాలు మందు అందినవారిలో 3.7 శాతం, అందనివారిలో 3.8 శాతం; సిరల్లో గడ్డలు మాత్రం మందుతో 0.4 నుంచి 0.8 శాతానికి పెరిగాయి. గాయానికి ప్రారంభ సమయం స్పష్టంగా తెలుస్తుంది. పేగుల్లో రక్తం ఎప్పటి నుంచి కారుతోందో రోగికే తెలియదు, ఆసుపత్రికి వచ్చేసరికి గంటలో, రోజులో గడిచిపోయి ఉంటాయి. మందు ఒకటే అయినా గడియారం మారినప్పుడు ప్రయోజనం హానిగా మారవచ్చు. తక్కినచోట్ల వాడాలంటే అక్కడ విడిగా పరీక్షించవలసిందే.

అపెండిసైటిస్‌పై ఒక ట్రయల్ యాంటీబయాటిక్స్ నిలబడ్డాయంటుంది, మరొకటి నిలబడలేదంటుంది. దేన్ని నమ్మాలి?

రెంటినీ నమ్మవచ్చు, అవి వేర్వేరు ప్రశ్నలు అడిగాయి. ఫిన్లాండ్‌లో 530 మందిపై జరిగి 2015లో వచ్చిన అప్పాక్, యాంటీబయాటిక్స్ గ్రూపులో ఏడాదిలోపు ఆపరేషన్ అవసరమైనవారిని లెక్కించింది. అది 27.3 శాతం. ముందుగా పెట్టుకున్న 24 శాతం హద్దులో యాంటీబయాటిక్స్ నిలవలేకపోయాయి. అయిదేళ్లకు ఆ సంఖ్య 39.1 శాతానికి చేరింది. అమెరికాలో 1,552 మందిపై జరిగి 2020లో వచ్చిన కోడా, 30వ రోజున రోగి తన ఆరోగ్యం ఎలా ఉందని చెబుతున్నాడో కొలిచి, యాంటీబయాటిక్స్ తీసిపోలేదని తేల్చింది. ఆ గ్రూపులో 90 రోజుల్లోపు 29 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. అపెండిక్స్‌లో గట్టిపడిన రాయి ఉన్నవారిలో 41 శాతం, లేనివారిలో 25 శాతం. కాబట్టి నాన్-ఇన్ఫీరియర్ అన్న మాట కనిపించగానే ఏ ఫలితంలో, ఎంత హద్దుతో, ఆ హద్దును ఎవరు ఎందుకు నిర్ణయించారు అన్నవి వెతకండి. పదిమందిలో ఏడుగురు ఆపరేషన్ తప్పించుకోవడం గెలుపా, ముగ్గురికి అది తప్పకపోవడం ఓటమా అన్నది గణాంకం చెప్పదు, స్కాన్ దగ్గర పెట్టుకుని రోగితో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

మా ట్రయల్‌లో తేడా ఏమీ రాలేదు. ప్రచురించడం దండగ కాదా?

దండగ కాదు, కొన్నిసార్లు అలాంటి ఫలితమే వార్డులో పనిని మారుస్తుంది. కడుపులోని ఇన్‌ఫెక్షన్‌కు మూలాన్ని తొలగించాక యాంటీబయాటిక్స్ ఎన్నాళ్లివ్వాలన్నదానిపై 518 మందితో జరిగిన స్టాప్-ఐటి, 2015లో చెప్పింది తేడా లేదనే. సుమారు నాలుగు రోజులిచ్చినవారిలో 21.8 శాతం, లక్షణాలు తగ్గేదాకా, అంటే దాదాపు ఎనిమిది రోజులిచ్చినవారిలో 22.3 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. సగం మందుతో సరిపోతుందన్నది ఆ "తేడా లేని" ఫలితమే నేర్పింది. గాయపడినవారికి తలనుంచి తుంటిదాకా వెంటనే సి.టి. తీయడాన్ని ఎంపిక చేసిన భాగాలకే తీయడంతో పోల్చిన రియాక్ట్-2లోనూ ఆసుపత్రి మరణాలు రెండువైపులా 16 శాతమే. రోగులను ఎలా చేర్చుకున్నారు, ఎవరు తప్పిపోయారు, ఎప్పటి నుంచి లెక్కించారు అన్నవి పూర్తిగా రాస్తే, మీ రెండు వందల మంది కూడా రేపు వేరొకరు చేసే ఉమ్మడి విశ్లేషణలో చేరతారు. పెద్ద పత్రికలు తీసుకోకపోతే, రిజిస్ట్రీలో మీ ట్రయల్ నమోదు సంఖ్య కింద ఫలితాల సారాంశాన్నైనా పెట్టండి.